అనాథాశ్రమం కట్టే ముందు ఆ ఊరి అమ్మమ్మల్ని అడగాలి

విరాళాలు అడిగే చిన్న సంస్థకు భవనమంత అనుకూలమైనది ఇంకోటి లేదు. ఇటుకకు ఇంత, కిటికీకి ఇంత, గదికి ఇంత అని లెక్క చెప్పొచ్చు. పునాది తీసిన రోజు ఒక ఫొటో, స్లాబ్ వేసిన రోజు ఇంకో ఫొటో. ఇచ్చినవాళ్లకు తమ డబ్బు ఏమైందో కళ్లెదుట కనిపిస్తుంది. ఆఫ్రికాలో అనాథాశ్రమం కడుతున్నాం, సాయం చేయండి అనే విజ్ఞప్తులకు జనం అంత త్వరగా స్పందించేది అందుకే.

అడిగేవాళ్ల మనసు మంచిదే. వాళ్లలో చాలామంది సొంత జీతంలోంచి ఖర్చు పెట్టుకుని తిరుగుతారు. అయినా ఆ భవనం వద్దనే నేనంటాను. ఎందుకో ఆఫ్రికా దేశం మలావీలోని ఒక్క జిల్లాను చూస్తే తెలుస్తుంది.

మచింజి జిల్లా జాంబియా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. 2006లో ఈ జిల్లా పేరు ప్రపంచమంతా వినిపించింది. గాయని మడొన్నా దత్తతకు ఎంచుకున్న పసివాడు ఇక్కడి అనాథల హోంలోనే ఉన్నాడు. తల్లి చనిపోయింది కానీ తండ్రి బతికే ఉన్నాడు. పెంచే దారి లేక బిడ్డను తెచ్చి హోంలో పెట్టాడు.

అదే ఏడాది, అదే జిల్లాలో ఇంకో పని మొదలైంది. దాని దగ్గరికి కెమెరాలు పెద్దగా వెళ్లలేదు. మలావీ ప్రభుత్వం యునిసెఫ్ సాయంతో నిరుపేద కుటుంబాలకు నెలనెలా చేతికి డబ్బివ్వడం ప్రారంభించింది. ఎవరికివ్వాలో ఊరి కమిటీయే పేర్లు రాసేది. తిండికి లేకపోవడంతో పాటు, ఇంట్లో కష్టపడి సంపాదించగల మనిషి ఉండకూడదు. ఎయిడ్స్ ఒక తరాన్ని తీసుకుపోయిన చోట అలాంటి ఇల్లంటే చాలాసార్లు ఒక ముసలామె, ఆమె చుట్టూ నలుగురైదుగురు మనవలు. ఒంటరి మనిషికి నెలకు 600 క్వాచాలు (అక్కడి డబ్బు), నలుగురు, అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఇంటికి 1,800. బడికి వెళ్లే పిల్లలకు కొంత అదనం. అప్పటి రేటులో సుమారు 4 నుంచి 13 డాలర్లు. మలావీ, బోస్టన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు డబ్బు అందిన ఇళ్లనూ అందని ఇళ్లనూ పోల్చి చూశారు. అందిన ఇళ్లలో తిండి మెరుగైంది, పిల్లలు బడికి వెళ్లడం పెరిగింది. ఈ పథకం ఇప్పుడు 28 జిల్లాలకూ విస్తరించింది.

అక్కడ ఏడాదికి ఒక్కటే పెద్ద పంట, మొక్కజొన్న. ఏప్రిల్ ప్రాంతంలో కోతకొస్తుంది. మన రాగి సంకటిలా ఆ పిండిని గట్టిగా ఉడికించి ముద్ద చేసుకుంటారు, న్సిమా అంటారు. ఇంట్లో గింజలు డిసెంబరుకో జనవరికో అయిపోతాయి. అక్కణ్నుంచి కోతల దాకా ఆకలి రోజులే. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లు పక్కవాళ్ల చేలో కూలికి పోతారు, కూలి కింద కాస్త పిండి తెచ్చుకుంటారు. మనవల్ని సాకే ఆ ముసలామెకు ఆ శక్తి ఉండదు. సరిగ్గా ఆ రోజుల్లో ఊళ్లో కొత్త హోం తెరిచి మూడు పూటలా తిండి, యూనిఫాం, ఇంగ్లీషు చదువు అంటే ఆమె ఏం చేస్తుంది? పిల్లాడి మీద ప్రేమ ఉంది కాబట్టే తీసుకెళ్లి అక్కడ వదిలేస్తుంది. మంచాలు వేశాక అవి నిండుతాయి. నిండాయి కాబట్టి అవసరం ఉందని దాతలకు రాస్తారు.

విజ్ఞప్తుల్లో చెప్పే కోట్ల అంకెనూ విడదీసి చూడాలి. 2015లో ప్రపంచంలో 14 కోట్ల మంది అనాథలున్నారని యునిసెఫ్ అంచనా. అందులో అమ్మానాన్నలిద్దరూ లేనివాళ్లు సుమారు కోటిన్నర. మిగతావాళ్లకు తల్లో తండ్రో ఉన్నారు. ఇద్దరూ లేనివాళ్లలో కూడా చాలామంది తాతల దగ్గరో, మేనమామల దగ్గరో పెరుగుతున్నారు.

భవనం కట్టాక అసలు ఖర్చు మొదలవుతుంది. వంటమనిషి, రాత్రిపూట పిల్లల దగ్గర ఉండే ఆయా, కరెంటు, మందులు, ఫీజులు ప్రతి నెలా ఉంటాయి. ఇటుకకు ఉత్సాహంగా ఇచ్చిన మనిషి ఆయా జీతానికి పదేళ్లపాటు ఇవ్వడు. చిన్న సంస్థకు అక్కడే టెన్షన్ మొదలవుతుంది. ముందు తగ్గేది పనివాళ్ల సంఖ్య. వచ్చిన ఆయా ఆరు నెలలకు మానేస్తే, ఆమెకు అలవాటుపడిన పసిబిడ్డ మళ్లీ కొత్త చేతుల్లోకి వెళ్లాలి. రుమేనియాలో 2000 తర్వాత 136 మంది పసిపిల్లల మీద జరిగిన పరిశోధన పసిబిడ్డకు ఇల్లు ఎంత అవసరమో స్పష్టంగా చూపించింది. శిశుగృహాల నుంచి పెంపుడు కుటుంబాలకు చేరిన పిల్లల మెదడు, మాట, మనుషులతో అనుబంధం బాగా కోలుకున్నాయి. ఎంత చిన్న వయసులో ఇంటికి చేరితే అంత మేలు జరిగింది.

మరి నిజంగా ఎవరూ లేని పిల్లల సంగతేంటి? ఉన్నారు. రోడ్డు పక్కన వదిలేసిన పసికందును ఆ రాత్రికి ఎక్కడో ఒకచోట పడుకోబెట్టాలి. ఎయిడ్స్ మందులు అందని రోజుల్లో కొన్ని హోంలు ప్రాణాలు కాపాడాయి, దాన్ని నేను కాదనను. కానీ 1994 మారణహోమంలో వేలాది పిల్లలు తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న రువాండాయే 2012లో హోంలను ఒక్కొక్కటిగా మూసేయాలని నిర్ణయించింది. అధికారులు బంధువుల్ని వెతికారు, దొరకనిచోట పెంపుడు కుటుంబాలకు శిక్షణ ఇచ్చారు. అంత గాయపడిన దేశం చేయగలిగినప్పుడు ఇంకోచోట కుదరదని ఎలా అంటాం?

చిన్న సంస్థ ఏం చేయగలదో ఉగాండాలో ట్వెసిగ్యే జాక్సన్ కగురి చూపించారు. హెచ్‌ఐవీ ఆయన అన్ననూ అక్కనూ తీసుకుపోయింది. అమెరికాలో ఇల్లు కొనుక్కుందామని దాచుకున్న 5,000 డాలర్లతో 2001లో ఆయన సొంతూరు న్యాకాగ్యేజిలో పని మొదలుపెట్టారు. కట్టింది బడి. పిల్లలు పగలు చదువుకుని సాయంత్రం ఇంటికి, అమ్మమ్మ దగ్గరికే పోతారు. తర్వాత ఆ అమ్మమ్మల సంఘాలకే చిన్న అప్పులు, ఇళ్ల మరమ్మతులు, మరుగుదొడ్లు. ఈ పనులకు ప్రారంభోత్సవం ఫొటో అంత గొప్పగా రాదు. పిల్లాడు మాత్రం తన భాషలో, తన వాళ్ల మధ్య పెరుగుతాడు.

మన దగ్గరా చట్టం చెప్పేది ఇదే. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం హోంలో ఉంచడం చివరి మార్గం. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద కుటుంబంలోనే పెరిగే అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయలిచ్చే ఏర్పాటుంది. మన పిల్లల విషయంలో సరైనదని ఒప్పుకున్న పద్ధతిని ఆఫ్రికా పిల్లలకు తక్కువ చేయకూడదు.

ఇప్పటికే డబ్బు పోగుచేసి, స్థలం కూడా కొన్న సంస్థలు ఉంటాయి. కెన్యాలోనైతే 2017 నవంబరులోనే కొత్త హోంల రిజిస్ట్రేషన్లు ఆపేశారు, కాబట్టి ముందు ఆ దేశపు నిబంధనలు చూసుకోవాలి. స్థలం వృథా పోదు. అక్కడ పగటిపూట అన్నం పెట్టి, హోంవర్కు చేయించే కేంద్రం నడపొచ్చు, నర్సు వారానికోసారి కూర్చునే గది కట్టొచ్చు. అయితే దాతలు ఇచ్చింది ఆశ్రమానికి కాబట్టి, వాళ్లను అడగకుండా మార్చకూడదు. ఏం తెలుసుకున్నారో, ఎందుకు మార్చుకుంటున్నారో రాసి, వద్దన్నవాళ్ల డబ్బు వెనక్కివ్వాలి. అలాంటి ఉత్తరం నాకొస్తే, ఇచ్చినదానికి ఇంకొంత కలిపి పంపుతాను.