అంచు తిన్నగా రాని స్నేహం

ఈ దేశంలో నిరుద్యోగం మీద మాట్లాడేవాళ్ళున్నారు, నదీజలాల మీద మాట్లాడేవాళ్ళున్నారు. ఫ్రెండ్‌షిప్ బ్యాండు అంచుల గురించి మాత్రం ఇంతవరకు ఒక్క నాయకుడూ నోరు విప్పలేదు. అందుకని ఆ భారం నేను నెత్తికెత్తుకుంటున్నాను.

ఐక్యరాజ్యసమితి 2011లో తీర్మానం చేసి జూలై 30ని స్నేహ దినోత్సవం అంది. మనం ఆగస్టు మొదటి ఆదివారాన్ని వదల్లేదు. తేదీలే కలవని చోట అంచులేం కలుస్తాయి? ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ఈ ఏడు దుకాణం బ్యాండ్లు వద్దంది. "చేత్తో అల్లి ఇస్తేనే విలువ నాన్నా" అంటూ రెండు అల్లి, మూడోది నా ఒళ్ళో పడేసి హోంవర్కుకి లేచిపోయింది.

వినడానికి పని సులువే. మ్యాచింగ్ సెంటర్లో ఎంబ్రాయిడరీ దారం కొని, ఆరు రంగుల దారాలు కలిపి పైన ముడేసి, పిన్నీసుతో దిండుకి గుచ్చాలి. ఎడమ చివరి దారాన్ని పక్కదాని మీద 4 ఆకారంలో పెట్టి (తెలుగు ౪ కాదు, లెక్కల పుస్తకంలో 4) సందులోంచి తీసి పైకి లాగాలి. మళ్ళీ అదే దారం మీద ఇంకోసారి. అప్పటికి ఒక్క ముడి అయినట్టు. అలా అయిదు దారాలూ దాటితే ఒక వరస. మణికట్టు చుట్టూ రావడానికి అరవై వరసలనుకున్నా మూడు వందల ముళ్ళు, ఆరువందల లాగుళ్ళు. నూరేళ్ళ కాపురానికి మన పెద్దలు మూడు ముళ్ళతో సరిపెట్టారండీ. సెక్షన్ మారితే మాటలు మానేసే స్నేహానికి మూడు వందలు!

ఇరవై వరసలయ్యేసరికి నాది కొడవలిలా వంగింది. ఎడమ అంచు బిగుసుకుపోయింది, కుడి అంచున చిన్న చిన్న చెవులు లేచాయి. కాలి బొటనవేలికి దారం తగిలించి, టీవీ చూస్తూ మూర మల్లెలు కట్టేసే మా అమ్మ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసింది. "పూలయితే ఈపాటికి సగం రాలిపోయుండేవిరా" అని కింద పెట్టేసింది.

విచారించగా తేలింది ఏమిటంటే, అంతటికీ మూలం టెన్షన్, అంటే దారం బిగువు. దారాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే టెన్షన్‌తో లాగాలట. మా ఇంట్లో టెన్షన్‌కి కరువు లేదు, అంతటా ఒకేలా ఉండటమే కుదరదు. ఆఫీసు ఫోను తర్వాత వేసిన వరస రాయిలా ఉంది. భోజనం తర్వాత వేసింది నులక మంచంలా ఉంది. ఎవరైనా ఆ బ్యాండు చూసి నా దినచర్య మొత్తం చెప్పేయొచ్చు.

చెవుల సంగతి వేరు. ఒక వరస ముగించిన దారం కుడి చివరికి చేరి ఖాళీగా వేలాడుతుంది. తర్వాతి వరసలో చివరి ముడి పడేది దాని మీదే. ఆ ముడి వేసేముందు దాన్ని కిందికి తిన్నగా లాగి పట్టుకోవాలి. మరిచిపోయామా, అంచున చెవి లేస్తుంది. ఎడమవైపూ అంతే, కొత్త వరస ఎత్తుకునే దారాన్ని ముందు ఓసారి సర్దాలి. అలాగని మరీ బిగిస్తే బ్యాండు నడుము సన్నబడుతుంది. పని అయిపోయిందనుకుని పక్కన నిలబడ్డవాడివల్లే ఎప్పుడూ కొంప మునుగుతుందన్నమాట. మా ఆఫీసులో ఇది ఎన్నో ఏళ్ళుగా నేను గమనిస్తున్నదే.

రాఖీ తెలివైనది. మధ్యలో ఇంత పువ్వు పెట్టుకుని అంచుల ఊసే రానివ్వదు. గద్వాల చీర ఇంకా గడుసుది. ఒళ్ళంతా నూలే అయినా అంచుకి పట్టు కట్టుకుని పరువు నిలబెట్టుకుంటుంది. దిక్కూ దివాణం లేనిది ఈ బ్యాండు ఒక్కటే. కాబట్టి ప్రభుత్వం వెంటనే అంచుల పరిరక్షణ సంఘం వేయాలి. సభ్యులుగా మల్లెలు కట్టే అమ్మలనే తీసుకోవాలి. ఆరు నెలల్లో నివేదిక ఇవ్వాలి, అలవాటు ప్రకారం దాన్ని బయటపెట్టకూడదు.

మా అమ్మాయి స్కేలు పెట్టి చూసి, "ఇది ఇస్తే నా ఫ్రెండ్ ఫీలవుతుంది నాన్నా, నువ్వే ఎవరికైనా ఇచ్చుకో" అని తీర్పు చెప్పింది. చేసేది లేక, ఆరో తరగతి నుంచీ నాతో ఉన్న మిత్రుడి చేతికి కట్టాను. వాడు అంచుల వంక చూడనే లేదు. మణికట్టు తిప్పి తిప్పి, "ఏ గుళ్ళో ఇచ్చార్రా?" అన్నాడు.

నేనే అల్లానన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే నల్లది ఒకటి కట్టిపెట్టరా, మా మనవడికి ఊరికే దిష్టి తగులుతోంది" అన్నాడు.

నల్ల దారంలో ముడే సరిగ్గా కనబడదు, ఇక అంచు ఎవడికి కావాలి? అడ్వాన్సు తీసుకోకుండానే ఒప్పేసుకున్నాను.