పడమర బరువు తగ్గితే కోచ్ నిలవడు

బీవర్ స్టేడియంలో అల్యూమినియం బెంచీలు పీకేసి వీపు ఆనించే కుర్చీలు వేయడం ధర్మమా, అధర్మమా అన్నది తేలేదాకా పెన్సిల్వేనియాలోని మా మెకానిక్స్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగిళ్లలో మరో సంగతి మాట్లాడరాదని నిషేధాజ్ఞ ఏదో జారీ అయినట్టుంది. నాకు కాగితం అందలేదు కానీ అమలు మాత్రం పకడ్బందీగా ఉంది. ఎవరింట భోజనానికి కూర్చున్నా పప్పు వడ్డించేలోపు పడమటి స్టాండు కూలుతుంది, పెరుగన్నం దగ్గరికొచ్చేసరికి మళ్లీ లేస్తుంది.

ఈ గొడవ తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. పెన్సిల్వేనియా నట్టనడుమ కొండల మధ్య స్టేట్ కాలేజ్ అని ఒక ఊరుంది. జనాభా నలభై వేలు. ఆ ఊళ్లో పెన్ స్టేట్ యూనివర్సిటీ వారి ఫుట్‌బాల్ స్టేడియం ఉంది, అదే ఈ బీవర్ స్టేడియం. సీట్లు మొన్నమొన్నటిదాకా 1,06,572. 2024 నవంబరులో ఒహాయో స్టేట్ జట్టు ఆడటానికి వచ్చినప్పుడు 1,11,030 మంది దూరారు, దూరి ఓటమి చూసి వచ్చారు. అమెరికాలో దీనికంటే పెద్దది మిషిగన్ వాళ్లదొక్కటే. ఇంత కట్టడం ఏడాదికి ఏడో ఎనిమిదో శనివారాలు పనిచేస్తుంది. మిగతా మూడు వందల యాభై చిల్లర రోజులు కాకులదే. ఇప్పుడు దాని పడమటి వైపంతా పడగొట్టి సూట్లు (డబ్బున్నవాళ్లు అద్దాల వెనక కూర్చుని ఆట చూసే గదులు), క్లబ్బులు, విశాలమైన నడవలు, చాలినన్ని మరుగుదొడ్లు కడుతున్నారు. ఖర్చు 700 మిలియన్ డాలర్లు, మన లెక్కలో ఆరు వేల కోట్ల రూపాయల దగ్గర. 2027కి పూర్తి.

కట్టేవాడు కడుతున్నాడు, డబ్బు పెట్టేవాడు పెడుతున్నాడు. మధ్యలో నిద్ర లేనిది మనవాళ్లకు.

సనాతన పక్షానికి నాయకుడు మా తోడల్లుడు. ఎమ్మెస్ చదవడానికి ఆ ఊళ్లో దిగిన కొత్తలో ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదనే ఆయన నమ్మకం, చేత్తో పట్టుకుని పరిగెడుతున్నారేమిటని పక్కవాణ్ణి అడిగి నవ్వులపాలయ్యాడు కూడా. ఇవాళ ఆయనే కళ్లలో నీళ్లు తిప్పుకుంటూ "తాతముత్తాతల నుంచి వస్తున్న బెంచీలు బ్రదర్, వాటిని ముట్టుకుంటే మనం మనుషులమేనా" అంటున్నాడు. ఎవరి తాతముత్తాతలు? ఈయన తాతగారు తెనాలి దాటి ఎరగరు. ఆయన కూర్చున్న అతి పొడవాటి బెంచీ రైల్వే ప్లాట్‌ఫారం మీదిది.

సరే, సంప్రదాయం అన్నారు కాబట్టి దాని పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. ఈ స్టేడియం మొదట క్యాంపస్‌కు ఆ కొసన ఉండేది. 1960లో దాన్ని 700 ముక్కలుగా విప్పి, మైలు దూరం మోసుకొచ్చి, కొత్తగా పదహారు వేల సీట్లు తగిలించి, 46,284 మందికి సరిపోయేట్టు తూర్పు కొసన బిగించారు. 1978లో లారీ టైరు మార్చినట్టు జాకీలు పెట్టి స్టాండ్లను పైకెత్తి, కింద ఖాళీలో ఇంకొన్ని వరుసలు దూర్చారు. 2001లో దక్షిణం వైపు మరో అంతస్తు వేశారు. విప్పడం, మోయడం, ఎత్తడం, అతికించడం తప్ప ఆ కట్టడానికి వేరే సంప్రదాయం ఉన్నట్టు చరిత్రలో కనబడదు. అప్పుడు 700 ముక్కలు, ఇప్పుడు 700 మిలియన్లు. ఆచారం అంకెలోనైనా తప్పలేదని సనాతనులు సంతోషించాలి నిజానికి.

సంస్కర్తలు వీళ్లను మించినవాళ్లు. వాళ్ల బాధలో కొంత నిజముంది, కాదనను. చలికాలం వస్తే పైపులు గడ్డకడతాయని నీళ్లు వదిలేసి మూసిపెట్టే స్టేడియం అది. 2024 డిసెంబరులో ఎస్‌ఎంయూ జట్టుతో ప్లేఆఫ్ మ్యాచ్ అక్కడ పడేసరికి, ఆటగాళ్లకంటే ముందు పైపుల ఆరోగ్యం చూసుకోవాల్సి వచ్చింది. (38-10తో గెలిచారు. పైపులూ నిలిచాయి.) "ఏందన్నా, నాలుగ్గంటలు ఆ సల్లటి రేకు మీద కూసుంటే నడుము పడిపోతది, బాత్‌రూం లైన్ల నిలబడితే సగం ఆట అయిపోతది" అంటాడు ఆ పక్షం నాయకుడైన ఒక హైదరాబాదీ తమ్ముడు. బాగానే ఉంది. కానీ ఆ తమ్ముడు అంతటితో ఆగడు. సూట్ల గురించి మొదలుపెడతాడు. అద్దాల్లోంచి మైదానం ఎలా కనపడాలి, సోఫా ఏ రంగుదైతే నప్పుతుంది, వేడి వేడి తిండి ఎటువైపు నుంచి తేవాలి. ఆ సూట్లో కాలుపెట్టే యోగం తనకు ఈ జన్మలో లేదని తెలుసు. తెలిసీ, దాని కార్పెట్ మీద చారు ఒలికితే ఎలా అని ఇప్పటినుంచే దిగులుపడుతున్నాడు.

ఈ రెండు పక్షాలూ ఎదురుపడిన మహాసభ ఈ మధ్య ఒక మిత్రుడి ఇంట్లో సత్యనారాయణ వ్రతం రోజున జరిగింది. పైన పంతులుగారు మూడో కథ ముగించి నాలుగోది ఎత్తుకున్నారు. కింద బేస్‌మెంట్లో మగవాళ్లంతా బెంచీల మీద పడ్డారు. మా తోడల్లుడు సోఫాలోంచి లేచి, ఒళ్లు మరిచి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, బెంచీ మీద కూర్చుంటే పక్కవాడి భుజం ఎలా తగులుతుందో, గోల్ పడినప్పుడు వరుస వరుసంతా ఒక్కసారి ఎలా ఊగుతుందో అభినయించి చూపించాడు. అక్కడ గోల్ అనరు, టచ్‌డౌన్ అంటారని ఒక కుర్రాడు సరిచేశాడు. వాణ్ణి పైకి పంపేశారు. "కుర్చీకి చేతులుంటాయి బ్రదర్! చేతులొస్తే మనిషికీ మనిషికీ మధ్య గోడ వచ్చినట్టే!" అన్నాడు. హైదరాబాదీ తమ్ముడు "నీ భుజం నాకెందుకు తగలాలన్నా అసలు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రాలేదు, అరుపులొచ్చాయి.

అప్పుడు నోరు విప్పారు పెదనాన్నగారు. ఇంటాయన తండ్రి. ఒంగోలు నుంచి ఆరు నెలల వీసా మీద వచ్చారు. అంతదాకా మూలన కూర్చుని బొప్పాయి ముక్కలు తింటున్న మనిషి "ఏదీ, ఆ బొమ్మ ఒకసారి ఇటివ్వండి" అన్నారు. ఫోన్లో స్టేడియం పైనుంచి తీసిన ఫోటో చూపించారు. ఆయన కళ్లజోడు సవరించుకుని, ఫోన్ని అటూ ఇటూ తిప్పి, "ఈశాన్యం ఎటు?" అన్నారు.

సభ నిశ్శబ్దమైంది.

"దక్షిణం ఎత్తుగా ఉంది, బాగుంది. పడమర ఎవడు తీయించాడు?" అన్నారు పెదనాన్నగారు. కొత్తది కట్టడానికి పడగొట్టారని, ఈ సీజన్‌కు తాత్కాలికంగా ఏవో బల్లలు వేశారని చెప్పాం. ఆయన ఫోను పక్కన పెట్టేశారు. "పడమర, నైరుతి బరువుండాలి నాయనా. బరువు తగ్గిందా, యజమానికి స్థానచలనం."

ఎవరూ ఊపిరి తీయలేదు. ఎందుకంటే అందరికీ ఒకటే గుర్తొచ్చింది. పడమటి వైపు కూల్చింది 2025 మొదట్లో. సీజన్ మొదలయ్యేటప్పటికి జట్టు దేశంలో రెండో ర్యాంకు. సెప్టెంబరు చివర ఒరెగాన్ చేతిలో రెండో ఓవర్‌టైంలో ఓటమి. తర్వాతి వారం, అప్పటికి ఒక్క ఆటా గెలవని యూసీఎల్‌ఏ చేతిలో ఓటమి. ఆ తర్వాతి వారం సొంత మైదానంలో నార్త్‌వెస్టర్న్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓటమి. ఆ మర్నాడు, అక్టోబరు 12న, కోచ్ జేమ్స్ ఫ్రాంక్లిన్‌కు స్థానచలనం.

"మరి యూసీఎల్‌ఏ మ్యాచ్ కాలిఫోర్నియాలో కదా జరిగింది పెదనాన్నా" అన్నాడు ఒక నాస్తికుడు.

"ఇంటి దోషం యజమాని ఎటు పోతే అటు వస్తుంది" అన్నారాయన, మళ్లీ బొప్పాయి అందుకుంటూ.

ఇక చూడాలి. అంతవరకూ బద్ధశత్రువులైన రెండు పక్షాలూ కలిసి పెదనాన్నగారి చుట్టూ చేరాయి. జల్లు స్నానాల గదులు ఏ మూలన ఉండాలి, అవతలి జట్టుకు ఆగ్నేయం కేటాయిస్తే ఎలా ఉంటుంది, స్కోరు బోర్డు ఉత్తరానికి మారిస్తే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ భుజం నయమవుతుందా. ఇంటావిడ రెండుసార్లు కిందికొచ్చి పిలిచింది. ప్రసాదం తీసుకోకుండా పరిగెత్తిన కళావతికి ఏమైందో పైన మైకులో వినబడుతూనే ఉంది, ఇక్కడ ఎవరూ కదల్లేదు. చివరికి పంతులుగారే ప్రసాదం పళ్లెం పట్టుకుని దిగివచ్చారు. ఆయన్నీ వదల్లేదు, బెంచీలా కుర్చీలా చెప్పమన్నారు. పంతులుగారు చాలాసేపు ఆలోచించి, "సూట్లలో శాకాహారం ఉంటుందా?" అని అడిగారు. ఆ రోజు మొత్తంలో పనికొచ్చే ప్రశ్న అదొక్కటే.

మైదానానికి పేరు సంగతి కూడా చెప్పాలి. 2025లో దాని పేరు 'వెస్ట్ షోర్ హోమ్ ఫీల్డ్ ఎట్ బీవర్ స్టేడియం' అయింది. ఆ పేరు కోసం వచ్చేది 50 మిలియన్ డాలర్లు. ఆ కంపెనీ మా ఊరిదే. ఇళ్లలో పాత బాత్‌రూంలు, కిటికీలు, తలుపులు మార్చడం వాళ్ల వ్యాపారం. లక్షమంది మొరపెట్టుకున్నది బాత్‌రూంల కోసం. యూనివర్సిటీ విన్నది, విని బాత్‌రూం కంపెనీ పేరు గడ్డి మీద రాయించింది. ఇంత సూటిగా ప్రజల గోడు తీర్చిన పాలకులు ఎక్కడైనా ఉన్నారా? సనాతనులు దీనిమీద మాత్రం కిక్కురుమనలేదు. బెంచీ పోతే ధర్మం పోతుంది గానీ, పేరు అమ్ముడుపోతే ఏమీ పోదు కాబోలు.

ఇక్కడివరకు నవ్వుకోవచ్చు.

ఆ 50 మిలియన్లను ఒకసారి గుర్తుపెట్టుకోండి. కోచ్‌ను తీసేసిన రోజున అతనికి చెల్లించాల్సిన లెక్క కూడా ఇంచుమించు 50 మిలియన్లే. (అతనికి వర్జీనియా టెక్‌లో వేరే ఉద్యోగం దొరికి అది 9 మిలియన్లకు దిగింది. దాన్ని అందరూ పొదుపు అన్నారు. పనిచేయనందుకు తొమ్మిది మిలియన్లు ఇచ్చి పొదుపు అనుకునే ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకోండి.) మూడో 50 మిలియన్ల దగ్గరికి వస్తున్నాను. 2025 మేలో ఇదే యూనివర్సిటీ ట్రస్టీలు ఏడు క్యాంపస్‌లు మూసేయాలని 25-8 ఓట్లతో తీర్మానించారు. డుబోయ్, ఫాయెట్, మాంట్ ఆల్టో, న్యూ కెన్సింగ్టన్, షెనాంగో, విల్క్స్-బార్, యార్క్. ఏటా ఎంత మిగులుతుందట? 50 మిలియన్లు. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 2024 మేలో, ఇదే బల్ల చుట్టూ కూర్చుని స్టేడియానికి 700 మిలియన్లు సరేనన్నారు. 26 మంది అవునన్నారు, ఇద్దరంటే ఇద్దరు వద్దన్నారు.

ఇది ఎత్తగానే మా సభలో రెండు పక్షాలూ ఒకే గొంతుతో అందుకుంటాయి: "అది వేరే జేబు బ్రదర్! అథ్లెటిక్స్ డబ్బు వేరు, చదువు డబ్బు వేరు. ఫీజులోంచి పైసా తీయలేదు." తెలుసు. యూనివర్సిటీ కూడా అదే చెప్పింది, ఆటల ఆదాయం నుంచీ విరాళాల నుంచీ తీరుస్తామంది. జేబులు రెండే కావచ్చు. చొక్కా ఒకటే కదా! అప్పు పత్రం మీద ఉండేది ఆ యూనివర్సిటీ పేరే కదా! ఆదాయం తగ్గిన రోజున ఆ అప్పు ఏ జేబులోకి చెయ్యి పెడుతుందో ఈ బేస్‌మెంటు మేధావులకు నేను చెప్పాలా?

యార్క్ ఇక్కడికి అరగంట పైచిలుకు ప్రయాణం. ఆ క్యాంపస్‌లో చదివేది ఇంట్లో ఉండి, పొద్దున పనికెళ్లి, సాయంత్రం క్లాసుకొచ్చే పిల్లలు. తమ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లు వాళ్లలో ఎందరో. మాంట్ ఆల్టోలో అడవుల చదువు 1903లో మొదలైంది, స్టేడియం ముక్కలు మోయడానికి యాభై ఏడేళ్ల ముందు. సంప్రదాయమంటే ఏడుపొచ్చే మా తోడల్లుడికి ఈ సంప్రదాయానికి ఒక్క కన్నీటి బొట్టు రాలేదేం? పిల్లలు తగ్గారు, నిజమే. కట్టడాలు పాతబడ్డాయి, నిజమే. పాతబడిన కట్టడాన్ని బాగుచేయడానికి 700 మిలియన్లు పుట్టించగలమని చూపించింది వీళ్లే కదా!

రెండెకరాలు అమ్మి కొడుకును అమెరికా చదువుకు పంపిన ఇళ్ల నుంచి వచ్చాం మనలో చాలామందిమి. చదువు దగ్గరలో లేకపోతే ఏమవుతుందో పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు. అయినా యార్క్ మూతపడుతోందని చెబితే, ఆ బేస్‌మెంట్లో నాకు వచ్చిన ఏకైక ప్రశ్న, "వాళ్లకు ఫుట్‌బాల్ టీం ఉందా?" సిగ్గుండాలి.

క్యాంపస్‌లు మూసేది 2027 వసంతం సెమిస్టర్ అయ్యాక. స్టేడియం తెరిచేది 2027 సీజన్‌కు. మధ్యలో ఒక్క వేసవి. కాబట్టి ట్రస్టీలకు ఒక మనవి చేసుకుంటున్నాను. సూట్లకు ఇంకా పేర్లు కావాలేమో. యార్క్ సూట్, ఫాయెట్ సూట్, విల్క్స్-బార్ సూట్ అని పెట్టించండి, ఏడింటికీ సరిపోతాయి. బల్లలూ నల్లబోర్డులూ ఎలాగూ ఖాళీగా ఉంటాయి, అవీ తెప్పించుకుని మెనూ రాసుకోండి. తలుపులకు ఇబ్బంది లేదు, కంపెనీ ఉండనే ఉంది. శాకాహారం ఏ సూట్లో పెడతారో మాత్రం ముందుగా మా పంతులుగారికి కబురు చేయండి.