తల ఎత్తి చూడనివ్వరా?

ఊరంటే నడిచి చూడాలంటారు. నడవనిస్తే కదా! పాత భవనం ముందు ఆగి, కప్పు అంచున చెక్కిన రాతి తీగల్ని చూద్దామని తల ఎత్తానో లేదో, వెనక నుంచి బైక్ హారన్. అదీ ఫుట్‌పాత్ మీద! ఇంకో భవనానికైతే ముఖద్వారం కనబడకుండా పెద్ద హోర్డింగ్.

పారిస్‌లో పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళల భవనాన్ని 1977లో తెరిచారు. గొట్టాలన్నీ బయటే పెట్టి రంగులేశారు. గాలికి నీలం, నీళ్లకు ఆకుపచ్చ, కరెంటుకు పసుపు. ఇలాంటి గోడను నిలబడి తీరిగ్గా చదవాలి. కానీ మన వీధుల్లో అలా నిలబడే చోటేది?

పోనీ మ్యూజియం లోపలైనా ప్రశాంతంగా ఉంటుందా? ఎక్కువ వెలుతురు పడితే నీటిరంగులు వెలిసిపోతాయి. అందుకే ఆ బొమ్మలుండే గదుల్లో వెలుతురును సాధారణంగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు. ఆ మసకకు కళ్లు మెల్లగా అలవాటు పడ్డాయి. ఓ బొమ్మలో చెట్టు అంచున నీలం ఆరకముందే జారి కాగితంలోకి ఇంకిన చోటు అప్పుడే కనబడింది. అంతలో ఫ్లాష్! బోర్డు మీద వద్దని రాసి ఉంది కదా, చదవరా? బొమ్మకు వీపు తిప్పి సెల్ఫీ తీసుకుని వెళ్లిపోవడానికి ఇంత దూరం రావాలా?

బొమ్మ పక్కన వివరాల చీటీ మోకాలి ఎత్తులో ఉంటుంది. బూడిద రంగు గోడ మీద బూడిద రంగు అక్షరాలు. పెద్దవాళ్లు ఎలా చదువుతారండీ? మూడు గంటలు నడిచాక కాళ్లు లాగేస్తుంటే కూర్చోవడానికి ఒక్క బెంచీ లేదు. చివరి గదిలో అడుగు పెట్టామో లేదో, మూసే టైముకి ఇంకా ఇరవై నిమిషాలుండగానే లైట్లు ఆర్పడం మొదలుపెట్టారు!