సరేనని తలూపిన రిసీవ్ బఫర్ గారికి

నెట్‌వర్క్‌లో యూడీపీ పద్ధతిలో వచ్చే డేటాని మా ప్రోగ్రామ్ చదివేదాకా దాచిపెట్టే మహారాజశ్రీ లినక్స్ యూడీపీ రిసీవ్ బఫర్ గారి సముఖానికి,

తమరు క్షేమమనే తలుస్తాను. పోయినవన్నీ మా డిటెక్టర్ పంపిన ఫ్రేములే (ఇమేజ్‌లే) కదా.

ఈ మధ్యాహ్నం రన్ అయ్యాక ఫైలు తెరిస్తే డిటెక్టర్ ఇమేజ్‌ల నిండా నల్ల చారలు. లింక్ లైటు పచ్చగానే ఉంది. లింక్ బతికుందా అని చూసే పింగ్ బ్రహ్మాండంగా వెళ్తోంది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. ఎక్కడో కెర్నల్ (లినక్స్ గుండెకాయ) లోపల, ఎవరూ చూడని చోట, తమరి పేరు మీదున్న ఎర్రర్ల కౌంటర్ మాత్రం నిక్షేపంగా పెరుగుతూ పోయింది. ప్రయోగానికి మాకు కేటాయించిన బీమ్ టైమ్ అయిపోయింది. యూడీపీలో పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపమనే ఏర్పాటు ఉండదని తమరికి నేను చెప్పాలా?

తమరి సైజు చాలా మెషీన్లలో 2,12,992 బైట్లు. 10 గిగాబిట్ లింక్ నిండుగా పారితే సెకనుకు దాదాపు 125 కోట్ల బైట్లు వస్తాయి. అంటే తమరు నిండిపోవడానికి దాదాపు 170 మైక్రోసెకన్లు చాలు. ఏ ప్రోగ్రామ్ ఎప్పుడు నడవాలో చూసే షెడ్యూలర్ మా ప్రోగ్రామ్‌ని ఒక్క మిల్లీసెకను పక్కన కూర్చోబెడితే పన్నెండున్నర లక్షల బైట్లు వచ్చి పడతాయి. చోటు లేనివన్నీ నేలపాలు.

చిన్నగా ఉండటం తప్పని నేననను. వెబ్‌సైట్ పేరుకి అడ్రస్ చెప్పే డీఎన్ఎస్ చిన్న జవాబులకు తమరు చాలా ఎక్కువ. నా బాధ వేరే.

64 మెగాబైట్లు కావాలని, సైజు మార్చమని కోరే సెట్‌సాక్ఆప్ట్ ద్వారా పద్ధతిగా అడిగాను. తమరు సున్నా తిరిగిచ్చారు. సున్నా అంటే పని జరిగిందని! లోపల మాత్రం ఆర్‌మెమ్ మ్యాక్స్ అనే పరిమితి దగ్గర చప్పుడు లేకుండా కోసేశారు. ఆ పరిమితి కూడా అదే 2,12,992. అడిగినదాంట్లో మూడు వందల్లో ఒక వంతు కూడా రాలేదు. కనీసం వార్నింగ్ అయినా లేదు. పోనీ ఎంత ఇచ్చారని గెట్‌సాక్ఆప్ట్‌తో అడిగితే 4,25,984 అన్నారు. కెర్నల్ తన లెక్కల ఖర్చు కోసం రెట్టింపు చేసుకున్న అంకె అది. ఇచ్చింది గోరంత, అదీ రెండింతలు చేసి చూపించడం!

ఇవ్వలేనప్పుడు గంగిరెద్దులా తలూపడం ఎందుకు? 'కుదరదు' అని ఉంటే రన్ మొదలుపెట్టేవాణ్ణే కాదు కదా. డేటా పారేసినందుకు కాదయ్యా నా కోపం, సరేనని పారేసినందుకు.

నువ్వొక్కడివే అని కూడా అనను. 1500 బైట్ల దగ్గరే కూర్చున్న ఆ ఎంటీయూ (ఒక్క ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ సైజు) ఉంది, దానివల్ల సెకనుకు 8 లక్షల పైచిలుకు ప్యాకెట్లు మోయాలి. 9000కి పెంచితే లక్షా ముప్పై ఎనిమిది వేలతో సరిపోతుంది. పెంచాం. మధ్యలో స్విచ్ మీద ఒక్క పోర్టుకి ఆ సంగతి తెలియదు, పెద్ద ప్యాకెట్లన్నీ మింగేసి ఊరుకుంది. కరెంటు ఆదా చేస్తానని కునుకు తీసే సీపీయూ, డేటా వచ్చిందని పిలిచే ఇంటరప్ట్‌లన్నీ ఒకే కోర్ నెత్తిన పడేయడం, నెట్‌వర్క్ కార్డు కూర్చునే, చూడ్డానికి పొడుగ్గా ఉండి లోపల నాలుగే లేన్లున్న (డేటా దారులున్న) పీసీఐఈ స్లాట్... వీటిని కూడా తిట్టుకున్నాను. కానీ ఇవేవీ నాకు మాటిచ్చి తప్పలేదు.

అడ్మిన్‌ని బతిమాలి ఆర్‌మెమ్ మ్యాక్స్‌ని 128 మెగాబైట్లకు పెంచించాను. మెషీన్ సెట్టింగులు మార్చే రూట్ అధికారం నాకు లేదు మరి. డిటెక్టర్‌ని ఖాళీగా తిప్పి చూస్తే ఒక్క ఫ్రేమూ పోలేదు! ఆ కాసేపూ నీ మీద మనసు కరిగింది, ఒప్పుకుంటాను.

తర్వాత మెషీన్ రీస్టార్ట్ అయింది. కాన్ఫిగ్ ఫైల్లో రాయకుండా పెంచిన పరిమితి కాబట్టి మళ్ళీ 2,12,992. నా ప్రోగ్రామ్ మళ్ళీ 64 మెగాబైట్లు అడిగింది. నువ్వు మళ్ళీ సున్నా ఇచ్చావు.

ఈసారి 'కుదరదు' అని చెప్పే మైనస్ ఒకటి ఇవ్వు స్వామీ. అది చాలు.

ఇట్లు,
నల్ల చారలు లెక్కపెడుతున్న నీ యూజర్