నిమ్మకాయకు ఏమీ కాలేదు

మన దేశంలో బండి నడపడానికి లైసెన్సు కావాలి. బండి గురించి సలహా ఇవ్వడానికి అక్కర్లేదు. 1988లో మోటారు వాహనాల చట్టం రాసిన పెద్దలు ఇంత పెద్ద లొసుగును ఎలా వదిలేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నలభై మూడేళ్లు వచ్చేదాకా నేను బండి నేర్చుకోలేదు. భయం వల్ల అని మా ఆవిడ అంటుంది. కాదు, మా వైజాగ్‌లో తిరిగే 28వ నంబరు బస్సు వల్ల. గోపాలపట్నంలో ఎక్కితే జగదాంబ దగ్గర దింపేది, అక్కడే ఆఫీసు. ఈమధ్య ఆఫీసు మధురవాడకు మారింది. రెండు బస్సులు, ఒక ఆటో, గంటన్నర. దాంతో ఇంట్లో బండి కొనాలన్న నిర్ణయం జరిగింది. "జరిగింది" అనే అంటాను. అందులో నా వంతు డబ్బు కట్టడం వరకే.

సంగతి బయటికి పొక్కిన సాయంత్రానికే నిపుణుల కమిటీ ఏర్పడిపోయింది. మా పెద్దబావగారి లెక్కలో యమహా ఆర్ఎక్స్ 100 తప్ప వేరేది బండే కాదు. అది 1996లోనే ఆగిపోయిందండీ అని గుర్తుచేస్తే "ఆపినవాళ్లది తప్పు" అన్నారు. అంతటితో ఊరుకోకుండా దాని సౌండు నోటితో చేసి చూపించారు. మా మావగారికి మైలేజీ, రీసేల్ తప్ప మూడో సంగతి పట్టదు. ఇంకా కొనని బండిని ఐదేళ్ల తర్వాత ఎంతకు అమ్ముకోవచ్చో లెక్క కట్టేశారు. ఆఫీసులో నా పక్క సీటాయన "మగాడన్నాక బుల్లెట్టే సార్" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మా అక్క కొడుకు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. వాడు డ్యూక్ 390 వీడియోలు పంపించాడు. ఒకదాంట్లో ముందు చక్రం గాల్లో ఉంది. కింద "మావయ్యా, పవర్ చూశావా?" అని మెసేజీ. చూశాను. పైకి లేచిన ఆ చక్రం ఎప్పుడో ఒకప్పుడు కిందికి రావాలి కదా, దాని గురించే నా టెన్షన్.

రంగు అడిగారు, బ్రేకు డిస్కా డ్రమ్మా అడిగారు, ఈఎంఐ ఎన్ని నెలలని అడిగారు. నీ ఎత్తు ఎంత అని మాత్రం ఒక్కరూ అడగలేదు. చెబుతాను, ఐదడుగుల మూడంగుళాలు. బరువు 58 కిలోలు. పక్క సీటాయన మాట తీసెయ్యలేక చూడ్డానికి వెళ్లిన, బుల్లెట్ కంపెనీదే అయిన క్లాసిక్ 350 బరువేమో 195 కిలోలు, సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. దాని మీద కూర్చుంటే నా పాదాలు కూచిపూడి తరంగంలో పళ్లెం అంచు పట్టుకున్నట్టు వేళ్ల మీద నిలబడ్డాయి. "సూపర్ ఉన్నారు సార్" అని సేల్స్ కుర్రాడు ఫొటో తీశాడు. నిజంగానే బాగున్నాను. బండి పడిపోకుండా వెనక నుంచి పట్టుకున్న రెండో కుర్రాడి చెయ్యి మాత్రం ఫొటోలో కొంచెం పడింది.

చదునైన ఊళ్లో అయితే కాలు ఆనకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చేమో. మనది కొండల మీదికి ఎక్కి దిగే ఊరు. కలెక్టరాఫీసు డౌను అంటారు గాని, కింద నుంచి ఎక్కేవాడికి అది అప్పే. ఈఎంఐ మీద బండి కొన్నవాడికైతే రెండు విధాలా అప్పే. అలాంటి చోట ముందున్న ఆటో ఠక్కున ఆగుతుంది. మీరూ ఆగుతారు. క్లచ్ వదిలితే ఇంజను ఆగిపోతుంది, పట్టుకునే ఉంటే బండి వెనక్కి జారుతుంది. జారకుండా కుడికాలు బ్రేకు మీద ఉండాలి. ఇక నేల మీద మిగిలింది ఎడమకాలు ఒక్కటి, అదీ వేళ్ల కొసల మీద. వెనక సిటీ బస్సు. ఆ నిమిషంలో మగతనం గురించి మాట్లాడిన పక్క సీటాయన అక్కడ ఉండడు.

చివరికి స్ప్లెండర్ తీసుకున్నాను. 112 కిలోలు, సీటు 785 మిల్లీమీటర్లు. ఇరవై మిల్లీమీటర్లు ఒక తేడానా అని అడిగేవాళ్లు ఉంటారు. వేళ్ల కొసల మీద నిలబడ్డవాడికి తేడాయే. పైగా సీటు సన్నం, కాళ్లు అటూ ఇటూ చాపుకోకుండా నిటారుగా కిందికి దిగుతాయి. నా మడమలు నేలకు ఆనాయి. జీవితంలో నేల ఇంత బాగుంటుందని ఆరోజే తెలిసింది.

కమిటీ రెండు నిమిషాలు మౌనం పాటించింది. తర్వాత పెద్దబావగారు "అది పాలవాడి బండి కదయ్యా" అన్నారు. నిజమే. తెల్లారి నాలుగింటికి, మంచుకు తడిసిన రోడ్డు మీద, రెండు పక్కలా నిండు క్యాన్లు కట్టుకుని, చుక్క పాలు ఒలక్కుండా ఊరంతా తిరిగే మనిషి ఏరికోరి పెట్టుకున్న బండి అది. ఆయన తెలివిని నమ్మాలా, నోటితో సౌండు చేసే మా బావగారిని నమ్మాలా?

బ్రేకుల సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే షోరూములో కూడా త్వరగానే చెప్పారు. 125 సీసీ దాటిన బండ్లకు 2019 నుంచి ఏబీఎస్ తప్పనిసరి. గట్టిగా పట్టినా చక్రం బిగుసుకుపోయి జారకుండా అది చూసుకుంటుంది. నేను కొనేనాటికి నా బండి లాంటి చిన్నవాటికి కాంబీ బ్రేకు, వెనకది తొక్కితే ముందుది కూడా కొంచెం పడుతుంది. గాలి గట్టిగా వీచిన రోజున బీచ్ రోడ్డు మీదికి ఇసుక కొట్టుకొస్తుంది చూడండి, కంటికి కనీ కనిపించకుండా. దాని మీద ముందు బ్రేకు ఒక్కటే ఠపీమని పట్టినవాడికి ఈ పాఠం వేరే చెప్పక్కర్లేదు. చైను సంగతి మా వీధి మెకానిక్ చెప్పాడు: "ఉప్పుగాలి బాబూ, ఆయిలెయ్యకపోతే మూడు నెల్లకే తుప్పట్టీసుద్ది."

ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాడి లైసెన్సు, దాని కంప్యూటర్ పరీక్ష మొదటిసారే పాసయ్యాను. అది ఆరు నెలలు చెల్లుతుంది, ముప్ఫై రోజులు దాటాక అసలు లైసెన్సుకు వెళ్లి నేల మీద కాలు పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి చూపించాలి. ఈలోపు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ఎల్. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు, నేర్పే లైసెన్సుదారుడు తప్ప. ఈ రూలు చదివి వినిపిస్తే మా ఆవిడ ముఖం విప్పారింది. చట్టం మీద ఆవిడకు అంత గౌరవం ఉందని నాకు అంతకు ముందు తెలియదు.

ఇక అసలు ఘట్టం. వైజాగ్‌లో కొత్త బండి ఇంటికి రాకముందు ఆశీల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడికి వెళ్తుంది. సైకిల్ నుంచి టిప్పర్ దాకా ఇందులో మినహాయింపు లేదు. మేనల్లుడే నడిపి తీసుకొచ్చాడు. ట్యాంకు మీద పసుపు, కుంకుమ బొట్లు, హ్యాండిల్‌కి బంతిపూల దండ, రెండు చక్రాల ముందూ నిమ్మకాయలు. పంతులుగారు హారతి ఇచ్చి "యజమాని ఎక్కి ముందుకు పోనివ్వండి" అన్నారు. యజమాని అంటే నేను. ఎల్ఎల్ఆర్ వయసు అప్పటికి మూడు రోజులు.

ఎక్కాను. మొదటి గేరు వేశాను. క్లచ్ వదిలాను. బండి కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోయింది. ముందు చక్రం కింద ఉండాల్సిన నిమ్మకాయ పక్కకు దొర్లి, చెక్కుచెదరకుండా, నా వంకే చూస్తూ ఉంది. పంతులుగారు ఓపిగ్గా దాన్ని మళ్లీ సర్దారు. రెండో గెంతు. ఈసారి అది ఇంకాస్త దూరం దొర్లింది. నా వెనక ఒక ఇన్నోవా, దాని వెనక బంతిపూలతో ముస్తాబైన ట్రాలీ ఆటో. ట్రాలీ కుర్రాడు దిగి వచ్చి "మీరు దిగండి బాబూ, నాను తొక్కించేత్తాను" అన్నాడు. మర్యాద కోసం మేనల్లుడి చేత తొక్కించాం. పటుక్‌మని చిట్లింది. తర్వాత గుమ్మడికాయ దిష్టి తీసి రోడ్డు పక్కన పగలగొట్టారు. దండ, నిమ్మకాయలు, కొబ్బరికాయ, గుమ్మడికాయ, దక్షిణ అన్నీ కలిపి ఆరువందల పైచిలుకు అయింది. ఎవరూ బేరమాడలేదు. బేరమాడే చోటు కాదది.

ఆ తర్వాత మేమిద్దరం ఉత్త తలలతో ఇంటికి వచ్చాం. హెల్మెట్ ఏదని దారిలో ఎవరూ అడగలేదు, మాకూ తట్టలేదు. కొత్త బండితో హెల్మెట్ కూడా కంపెనీయే ఇవ్వాలని రూలు. మాకు షోరూములో "హెల్మెట్ స్టాకు లేదు సార్, బదులుగా సీటు కవరు వేసేశాం" అన్నారు. నేను పడితే ముందు నేలకు తగిలేది ఏదో వాళ్లు సరిగ్గానే అంచనా వేసినట్టున్నారు.

హెల్మెట్ విషయంలో మన ఊరికి సొంత సిద్ధాంతం ఒకటి ఉంది. తల మామూలుగా గట్టిదే, సిగ్నల్ దగ్గర మాత్రం మెత్తబడుతుంది. అందుకే మద్దిలపాలెం జంక్షన్ రావడానికి వంద గజాల ముందు హెల్మెట్ ట్యాంకు మీంచి నెత్తికెక్కి, జంక్షన్ దాటాక మళ్లీ ట్యాంకు మీదికి దిగుతుంది. ట్యాంకుకు ఇన్నేళ్లలో ఒక్క గీత కూడా పడలేదు. ఈ పద్ధతికి తగిన హెల్మెట్ రోడ్డు పక్కన రెండువందల యాభైకి దొరుకుతుంది. నేనూ కొన్నాను. చేత్తో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది, ప్లాస్టిక్ బిందె లాగా. "ఐఎస్ఐ మార్కుందా?" అని అడిగితే అమ్మేవాడు నొచ్చుకున్నాడు. "ఎందుకుండదు బాబూ? పెద్దదెయ్యనా, సిన్నదెయ్యనా?" అంటూ సంచిలోంచి స్టిక్కర్ల కట్ట తీశాడు. చట్టంలో హెల్మెట్ లేనివాడికి రాసిన జరిమానా వెయ్యి రూపాయలు. అంటే ఆ హెల్మెట్ నా వెయ్యి రూపాయలకు రక్షణ, అంతవరకే.

అది పెట్టుకుని ఏఎస్ రాజా గ్రౌండులో పదిరోజులు తిరిగాను. ఒకరోజు బండి నిలబెట్టి అద్దానికి తగిలిస్తే జారి కింద పడి, రెండు చెక్కలైంది. నడుం ఎత్తు నుంచి. లోపల తల లేకుండా. దాన్ని ఫెవిక్విక్‌తో అతికించింది మా ఆవిడే.

మర్నాడు డాబాగార్డెన్స్‌లో ఒక చిన్న హెల్మెట్ షాపుకు వెళ్లాను. అక్కడి పెద్దాయన బండి పేరు అడగలేదు, రంగు అడగలేదు. దర్జీ టేపు తీసి కనుబొమల పైన, చెవుల మీదుగా నా తల చుట్టూ కొలిచాడు. 57 సెంటీమీటర్లు. ఈ వ్యవహారం మొదలైన దగ్గర్నుంచి నా కొలత తీసుకున్న మొదటి మనిషి. గడ్డం దాకా కప్పే ఫుల్ ఫేస్ ఒకటి తొడిగితే బుగ్గలు లోపలికి నొక్కుకుపోయి నా మూతి చందువా చేప మూతిలా అయింది. "టైటుగా ఉందండీ" అన్నాను. "ఉండాలి" అన్నాడు. వెనక అంచు పట్టుకుని ముందుకు ఊడలాగబోయాడు, రాలేదు. అటూ ఇటూ తిప్పితే హెల్మెట్‌తో పాటు నా చెంపలు కూడా కదిలాయి. స్ట్రాపు బిగించి గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి చూశాడు. నల్ల గ్లాసు అడిగితే "రాత్రి ఏటి సూత్తారు?" అని తెల్లదే ఇచ్చాడు.

లోపలి థర్మోకోల్ చూపించి "పడితే ఇది నలిగిపోద్ది, అందుకే తల నలగదు. ఒకసారి పడ్డాక పైకి బాగున్నా పారేయండి" అన్నాడు. అంత ఖరీదైంది పారెయ్యడమేమిటని నా ముఖం చూసి కనిపెట్టినట్టున్నాడు. "దిష్టి తీసిన గుమ్మడికాయని ఇంటికి తెచ్చి కూరొండుకుంటామా బాబూ?"

రెండువేల ఆరువందలు. బేరమాడాను, ఇది గుడి కాదు కదా. వంద తగ్గించాడు.

ఇంటికి తెచ్చాక కమిటీ మళ్లీ సమావేశమైంది. మా మావగారు హెల్మెట్‌కి రీసేల్ ఉండదని విచారం వెలిబుచ్చారు. మేనల్లుడు మాత్రం తలకు పెట్టుకుని పది సెల్ఫీలు దిగాడు. మా ఆవిడ ధర విని, ఇంత ఖరీదైంది రోజూ ఆఫీసుకు పెట్టుకెళ్తే ఏమవుతుందని అడిగింది. ఆ ఎండకీ ఆ చెమటకీ పాడైపోదూ? రోజువారీకి అతికించినది ఉండనే ఉంది, ఇది పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఉంచుదాం అని తీర్మానించి, పాత దిండు గలీబులో చుట్టి బీరువా మీద పెట్టింది. పక్కనే మా పెళ్లికి వచ్చిన కుక్కరు, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది.

రోజూ పొద్దున ఆవిడ వంటింట్లో ఉండగా స్టూలు వేసుకుని దాన్ని దింపుతున్నాను, రాత్రి మళ్లీ ఎక్కిస్తున్నాను. లైసెన్సు పరీక్ష వచ్చే మంగళవారం. బండి ఎక్కడం ఎలా ఉన్నా, స్టూలు ఎక్కడంలో మాత్రం ఇప్పుడు నాకు మంచి బ్యాలెన్సు వచ్చింది.