కందకం ఎటువైపు ఉంది?

పాతకాలపు మట్టికట్ట సరిహద్దు అనగానే అందరూ దాని ఎత్తెంత, పొడవెంత అని అడుగుతారు. నేను మాత్రం కందకం ఎటువైపు ఉందని అడుగుతాను. తవ్విన మట్టిని ఎవరైనా తమ వైపే పోసుకుంటారు. అవతలి నుంచి వచ్చేవాడికి ముందు గొయ్యి, ఆ వెంటనే నిటారు గట్టు. ఇవతలివాడికి ఎత్తు మీద నిలబడి చూసే చోటు. హద్దు గీసింది ఎవరో మట్టే చెప్పేస్తుంది.

ఇంగ్లండ్, వేల్స్ సరిహద్దు ప్రాంతంలోని ఆఫాస్ డైక్ అనే మట్టికట్టకు కందకం పడమటి వైపు, అంటే వేల్స్ వైపు ఉంటుంది. నేటి మధ్య ఇంగ్లండ్‌లో ఉండిన మెర్సియా రాజ్యాన్ని 757 నుంచి 796 దాకా ఏలిన ఆఫా దీన్ని సముద్రం నుంచి సముద్రం దాకా కట్టించాడని సుమారు వందేళ్ల తర్వాత ఆసర్ అనే వెల్ష్ సన్యాసి రాశాడు. ఇప్పుడు మిగిలింది దాదాపు 130 కిలోమీటర్లు.

దీన్ని రక్షణ గోడ అంటే నాకు మింగుడుపడదు. అంత పొడవునా రాత్రింబవళ్లు కాపలా పెట్టడం ఆ కాలపు రాజు వల్ల అయ్యే పని కాదు. కాపలా లేని కట్ట సైన్యాన్ని ఆపదు. కానీ దొంగిలించిన పశువుల మందను తోలుకుపోయేవాడికి అది పెద్ద అడ్డంకి. ఆవును గోతిలోకి దించి, అవతల గట్టు ఎక్కించడానికి ఎంత సమయం పడుతుందో పశువులతో బతికినవాళ్లకు తెలుసు. పైగా హద్దురాయిని రాత్రికి రాత్రి పీకి జరపొచ్చు, కట్టను జరపలేం. ఇది ఇద్దరూ కూర్చుని మాట్లాడుకున్న హద్దు కాదని, బలమున్నవాడు తేల్చేసిన హద్దని నా అభిప్రాయం.

రాజ్యాలు పోయినా కట్టలు మిగిలాయి. డేన్ల దక్షిణ సరిహద్దుగా నిలిచిన డానెవిర్కె అనే కట్ట 1864 యుద్ధం తర్వాత డెన్మార్క్ చేజారింది, ఇప్పుడు జర్మనీలో ఉంది. నేటి ఇంగ్లండ్–వేల్స్ సరిహద్దు ఆఫా కట్టతో కలిసేది కొద్ది దూరమే. అయినా నైటన్ ఊరికి వెల్ష్‌లో ఉన్న పేరుకు అర్థం ‘కట్ట మీది ఊరు’ అనే.

2013లో వేల్స్‌లోని చిర్క్ ఊరి దగ్గర ఆఫా కట్టలో ఒక ముక్కను చదును చేసేశారు. ఆ వార్త చదివినప్పుడు కడుపు తరుక్కుపోయింది. పోయింది పైన కనిపించే మట్టి ఒక్కటే అనుకోవద్దు. కట్ట అడుగున, దాన్ని పోయకముందు ఉన్న నేల ఒక పొరగా నొక్కుకుపోయి ఉంటుంది. అక్కడ అప్పట్లో పంట పండిందా, అడవి ఉందా, పశువులు మేశాయా అన్నది ఆ పొరలోని పుప్పొడిని బట్టి తెలుసుకోవచ్చు. ఆ హద్దు ఎవరి పొలాన్ని రెండుగా కోసిందో అడగడానికి మనకున్న సాక్షి ఆ పొరే.