పొలంలో ఆకు, చక్రంలో ఆకు

ఆకు అనే మాటకు అర్థం చెప్పమంటే చాలామంది చెట్టు ఆకు, తమలపాకు, విస్తరి అని మూడు అర్థాలతో సరిపెడతారు. వ్యవసాయంలో నిత్యం వినిపించే అర్థమే వదిలేస్తారు. డెల్టా వరి రైతు ‘ఆకు’ అంటే నారు. అందుకే ఆకుమడి (నారు పెంచే మడి), ఆకుతీత (నారు పీకడం) అన్న మాటలు.

ఎకరా ఊడ్పుకు (నారు నాటడానికి) 5 సెంట్ల ఆకుమడి, 20-25 కిలోల విత్తనం కావాలి. విత్తనాన్ని 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి (తడి గోనెలో మూటగా ఉంచి), మొలక రాగానే దమ్ము చేసిన (నీళ్లు పెట్టి బురదగా దున్నిన) మడిలో చల్లాలి. మొలక మరీ పొడవైతే చల్లేటప్పుడు విరిగిపోతుంది. నారు మొక్కల కొత్త ఆకుల మొదలు పాలిపోతే జింకు లోపం. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారీ చేయాలి.

‘ఆకు ముదిరింది’ అన్న మాటను కూర ముదిరినట్టు అర్థం చేసుకోకండి. కాలువ నీరు ఆలస్యమై నారు వయసు దాటిపోయిందని దానర్థం. అలాంటి నారు సరిగా పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క కొమ్మలు) వేయదు. కాబట్టి కొనలు తుంచి, కుదురుకు (నాటే ఒక్కో చోట) నాలుగైదు మొక్కల చొప్పున దగ్గర దగ్గరగా నాటాలి. కొనలు తుంచితే వాటిమీది కాండం తొలుచు పురుగు గుడ్లూ పోతాయి. ఈ పనికి చాలామంది బద్ధకిస్తారు, కానీ చేయదగ్గదే.

పొగాకు రైతు ‘ఆకు రేటు’ అంటే పొగాకు ధర.

బండి చక్రానికీ ఆకులుంటాయి, నడిమి కుండ (ఇరుసు దూరే దిమ్మె) నుంచి అంచుకు పోయే కర్రలు. పచ్చి కర్రతో చేస్తే ఎండాకాలంలో కుదించుకుపోయి, ఆకులు కుండలో వదులై చక్రం ఊగుతుంది.